టెర్రస్ మీద రబ్బరు కప్ప

గల్ఫ్‌లో, కరామాలో మా పై ఫ్లాట్ అంకుల్‌ది గోదావరి వైపు. రిటైరయ్యాక ఊరి కాలువలో కొరమీనులు పట్టాలని ఆయన ఆశ. అందుకే రోజూ సాయంత్రం టెర్రస్ మీద నిలబడి, గాలానికి రబ్బరు కప్పను ఎరగా కట్టి, దూరంగా పెట్టిన నీళ్ల బకెట్‌లోకి విసిరేవారు. దారం ముడి బిగించే ముందు తప్పకుండా ఉమ్మితో తడిపేవారు.

"పొడిగా బిగిస్తే చేప లాగ్గానే తెగిపోద్దమ్మా," అనేవారు.

షుగర్ ఆయన చూపు తినేస్తూ వచ్చింది. ఇక చేసేదేమీ లేదని డాక్టర్ చెప్పేశారట. ఊరికి టికెట్ కొన్న రోజు ముడి నన్ను వేయమన్నారు. సిగ్గుపడుతూనే తడిపి బిగించాను. లాగి చూసి, "భలే! యల్లా, పద!" అంటూ విసిరారు.

కప్ప బకెట్‌కు బారెడు దూరంలో సిమెంటు మీద పడింది.

"పడిందా తల్లీ?"

"పడిందంకుల్."

"నీళ్ల చప్పుడు రాలేదే," అంటూ ఆయన మెల్లగా దారం చుట్టుకున్నారు.