మైకు పిన్ని గొంతు

ఆసుపత్రుల బట్టలు ఉతికే ఆ లాండ్రీలో మా చెల్లెలి అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరికీ మైకు పిన్ని. ఎనిమిది మెషిన్లు ఒక్కసారి తిరుగుతున్నా, ఆ మోత మీదుగా ఆవిడ కేక గది ఆ చివరికి వినిపిస్తుంది. ఆ పేరు పెట్టింది ఎవరో నాకు తెలుసు గానీ, అడిగితే ఒప్పుకోడు.

అదే లాండ్రీలో నేను ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. బాయిలర్ దగ్గర బూడిద ఎత్తే పనిలో చేరి, ముప్పై తొమ్మిదో ఏట షిఫ్టు ఫోర్‌మన్‌ని అయ్యాను. నా హయాంలో పదకొండేళ్ళపాటు బాయిలర్ దగ్గర ఒక్కడికి చెయ్యి కాలలేదు. దానికి మూడు ప్రశంసాపత్రాలు ఇచ్చారు, మూడూ మా ముందుగది గోడ మీద ఉన్నాయి. నా చదువు ఊరి బడిలో ఐదో తరగతి దాకానే. కానీ పైకి చదివి వినిపించడంలో నాకు సాటి వచ్చినవాడు ఆ బడిలో లేడు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మా మాస్టారు నన్ను తన కుర్చీ ఎక్కించి పాఠం చదివించారు. ఒక్క అక్షరం తడబడలేదు. తర్వాత లాండ్రీలో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా రాసిందీ, మేనేజరు ఎదుట నిలబడి చదివిందీ నేనే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా చెల్లెలికి జరిగినదాంట్లో నా చదివే గొంతుకి కూడా వాటా ఉంది.

నన్ను బడికి పంపారు, తనని పంపలేదు. ఇంట్లో ఇద్దరు చంటివాళ్ళు ఉండేవారు. ఎత్తుకోవడానికి ఒక చంక కావాలి, అది తన చంక అయింది. మా ఊరు కొండ వాలు మీద ఉంటుంది. ఇంటికీ ఇంటికీ మధ్య చాలా దూరం. పక్కింటివాళ్ళతో మాట్లాడాలన్నా గుమ్మంలోంచి కేకెయ్యాలి. అందుకని మా ఊరివాళ్ళ మాట మొదట్లో పైకి లేస్తుంది, చివర సాగుతుంది. అవతలివాళ్ళకి చేరేదాకా వదలం. పట్నం వచ్చిన ఏడాదిలోగా నేను ఆ యాస వదిలించుకున్నాను. మా చెల్లెలు వదలలేదు. లాండ్రీలో దానికి ఆ అవసరమూ రాలేదు.

దాని పని బట్టలు వేరుచేసే బల్ల దగ్గర. వార్డుల నుంచి మురికి బట్టలు సంచుల్లో వస్తాయి. వాటిని బల్ల మీద కుమ్మరించి దుప్పట్లు, గౌన్లు, తువాళ్ళు, దిండు గలీబులు దేనికది విడదీయాలి. చిరిగినవి ఒక పక్కకి, రక్తం మరకలవి ఇంకో పక్కకి. అన్నిటికన్నా ముఖ్యం, లోపల ఏదైనా ఉండిపోయిందేమో చెయ్యి పెట్టి చూడాలి. హడావుడిలో కత్తెరలూ సూదులూ బట్టల్లోనే వదిలేస్తుంటారు. అవి మెషిన్‌లో పడితే డ్రమ్మైనా పాడవుతుంది, బట్టలు తీసే మనిషి చెయ్యైనా తెగుతుంది. మా చెల్లెలు చూపుతో వెతకదు. బట్ట దాని చేతుల్లోంచి జారుతుంటే, బరువు తేడా వచ్చినచోట చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. అలా ఇప్పటిదాకా నాలుగు కట్టుడు పళ్ళ సెట్లు, ఒక చెవి మిషను, లెక్కలేనన్ని కళ్ళజోళ్ళు పట్టింది. ఒక ముసలాయన పళ్ళయితే మధ్యాహ్నం భోజనం వేళకల్లా వార్డుకి చేరాయి. ఇరవై ఆరేళ్ళలో ఆ బల్ల దాటి ఒక్క ఇనపముక్క మెషిన్లోకి వెళ్ళలేదు. దీనికి ఎవరూ ప్రశంసాపత్రం ఇవ్వలేదు కాబట్టి నేను ఇక్కడ రాస్తున్నాను.

ఆ పని చేసేవాళ్ళకి మోచేతుల దాకా గ్లౌజులు ఉంటాయి. కాగితం ముట్టుకోకూడదు. అందుకని ఇది కేకేసేది, గది ఆ చివర అద్దాల వెనక కూర్చున్న గుమాస్తా రాసుకునేవాడు. "మూడో వార్డు, దుప్పట్లు నలభై, చిరిగినవి రెండు." మాట ఇంతే. కానీ దాని నోట్లో "మూడో" దగ్గర ఎక్కుతుంది, "నలభై" దగ్గర సాగుతుంది, "రెండు" మెల్లగా దిగి దిగి ఎప్పటికో ఆగుతుంది. గుమాస్తా మొదట్లో తల పట్టుకున్నాడు. ఆరు నెలలకి అలవాటు పడ్డాడు. ఏడాది తిరిగేసరికి, పిన్ని కేక లేనిదే నా పెన్ను కదలదు అనే స్థితికి వచ్చాడు.

ఆ గుమాస్తా పదవీ విరమణ చేశాక కుర్చీ ఖాళీగానే ఉంచారు. బల్ల దగ్గరి నలుగురికీ ప్లాస్టిక్ తొడుగులో పెట్టిన ఫోన్లు ఇచ్చి మెడలో వేసుకోమన్నారు. ఫోన్‌ని ముట్టుకోనక్కర్లేదు, నోటితో చెబితే రాసుకుంటుంది. కాకపోతే ముందు దానికి మన గొంతు నేర్పాలి. తెర మీద ముప్పై వాక్యాలు వస్తాయి, ఒక్కొక్కటే చదివి వినిపించాలి.

మిగతా ముగ్గురూ ఆ రోజే చదివేశారు. మా చెల్లెలికి చదువు లేదు. నేర్పకుండానే ఒకసారి వాడి చూడమన్నారు. ఇది కేకేసింది. ఫోన్ "మళ్ళీ చెప్పండి" అంది. ఇది మళ్ళీ కేకేసింది. అది మళ్ళీ అదే మాట.

"మైకు పిన్ని అరుపుకి మైకు దడుచుకుంది" అంది ఎదురు బల్ల ఆవిడ.

"దడుచుకోనీ. నువ్వు దడుచుకోకుండా ఆ సంచి ఇటు తొయ్యి."

నవ్వులు అయ్యాక ఇన్‌చార్జి దాన్ని పక్కకి పిలిచాడు. మంచి మనిషి, చెప్పడానికి ఇబ్బంది పడ్డాడట.

"పిన్నీ, పదిహేను రోజులు టైమిచ్చారు. ఈలోగా ఫోన్‌కి మీ మాట పట్టుబడితే సరే. లేకపోతే మిమ్మల్ని మడత గదికి మార్చమన్నారు. జీతం అదే ఉంటుంది."

"మడత గదిలో ఏం చెయ్యాలి?"

"ఆరిన బట్టలు మడతపెట్టడమే. అన్నీ శుభ్రమైనవి. అరవక్కర్లేదు. హాయిగా ఉంటుంది."

"శుభ్రమైన బట్టకి నేనెందుకు బాబూ. అందులో చూడ్డానికి ఏముంటుంది?"

"నా చేతుల్లో లేదు పిన్నీ. ఫోన్ ఇంటికి తీసుకెళ్ళండి. ఎవరైనా చదివి చెబితే మీరు వెనకాలే అనండి."

చదివి చెప్పడానికి ఇంట్లో నేను ఉండగా ఇంకొకరి కోసం వెతుక్కోనక్కర్లేదు. అయిదు సాయంత్రాలు కూర్చోబెట్టాను. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, ఫోన్‌ని గ్లాసుకి ఆనించి నిలబెట్టాను. నేను వాక్యం చదువుతాను, అది అనాలి. మొదటిరోజే నాకు విసుగొచ్చింది.

"సాగదీయకు. మాట అయిపోగానే నోరు ముయ్యి."

"మూస్తే మాట లోపలే ఉండిపోయినట్టుంటుంది అన్నయ్యా."

"ఉండిపోదు. నన్ను చూడు. వార్డు. చూశావా, తెగ్గొట్టినట్టు రావాలి."

"సరే పంతులుగారూ. బెత్తం కూడా తెచ్చుకోండి."

దాని కూతురు మందుల షాపులో పనిచేస్తుంది. మూడోరోజు పని నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది.

"మావయ్యా, లోపల మాట్లాడుతోంది ఎవరు?"

"మీ అమ్మే."

"మా అమ్మలా లేదే. టీవీలో వార్తలు చదివేవాళ్ళు ఇంటికొచ్చారేమో అనుకున్నా."

దాన్ని నేను మెచ్చుకోలు కింద లెక్కవేసుకున్నాను. అయిదోరోజు ముప్పయ్యో వాక్యం అవగానే తెర మీద ఆకుపచ్చ గుండ్రం నిండింది. ఐదో తరగతి చదువుతో నేను ఒక యంత్రాన్ని ఒప్పించాను. ఆ సంగతి మా వీధిలో చాలామందికి ఆ రోజే తెలిసింది, నేనే చెప్పాను.

మర్నాడు బల్ల దగ్గర మళ్ళీ మొదలైంది. గ్లౌజులు వేసుకుని, సంచి కుమ్మరించి, చేతులు పనిలో పడగానే దాని నోట్లోంచి పాత గొంతే వచ్చింది. మెషిన్లు తిరుగుతుంటే ఇంకో గొంతు దానికెలా వస్తుంది? ఫోన్ ఆ గొంతుని ఎరగనట్టే ఉంది. పది మాటలంటే రెండు రాసుకుంది. మిగతావాటికి "మళ్ళీ చెప్పండి." అప్పుడు మా చెల్లెలు నేను నేర్పినట్టు మాట్లాడటం మొదలుపెట్టింది. అలా మాట్లాడాలంటే దానికి చేతులు ఆపాలి, గడ్డం దించాలి, నన్ను గుర్తు తెచ్చుకోవాలి. ఫోన్ రాసుకోసాగింది గానీ సంచులు పేరుకుపోయాయి. పేరుకున్నాయని చేతులు తొందరపడ్డాయి.

మూడోరోజు మధ్యాహ్నం ఐదో మెషిన్లోంచి చప్పుడు వచ్చింది. నడిపే మనిషి వెంటనే ఆపేశాడు. డ్రమ్ముకి ఏమీ కాలేదు. నాలుగు గౌన్లు చీలికలయ్యాయి. లోపల కత్తెర ఉంది. ఆ సంచి ఏ బల్ల మీదుగా వెళ్ళిందో ఫోనే చూపించింది. ఆ ఒక్క సంచీ దాంట్లో తప్పు లేకుండా నమోదైంది.

ఇంటికొచ్చి మా చెల్లెలు చెయ్యి కడుక్కుంది, కూర్చుంది. ఏడవలేదు. కూతురు అన్నం పెడితే కలుపుతూ ఉండిపోయింది. నేనే కదిపాను.

"ఎలా జరిగింది?"

"నోటి మీద ధ్యాస పెట్టాను అన్నయ్యా. చేతి మీద పెట్టలేదు. రేపు నేనే వెళ్ళి మడత గది అడుగుతాను. అక్కడైతే ఎవరి చెయ్యీ తెగదు."

మర్నాడు ఉతికిన తెల్లచొక్కా వేసుకుని దానితో పాటు లాండ్రీకి వెళ్ళాను. ఫోన్ మంచిది కాదని నిరూపించాలన్నదే నా ఉద్దేశం. అర్జీ కూడా రాసుకున్నాను, పేజీన్నర. నేను వెళ్ళేసరికి ఇన్‌చార్జి గదిలో ఫోన్లు ఇచ్చిన కంపెనీ నుంచి వచ్చిన అమ్మాయి కూర్చుని ఉంది. కత్తెర సంగతి తెలిసి ఇన్‌చార్జే పిలిపించాడట. నా అర్జీలో మొదటి పేరా పూర్తిగా వింది. తర్వాత, "ఒక్క నిమిషం పెద్దాయనా, ముందు దీనికి ఏం నేర్పారో విందాం" అంటూ ఫోన్‌లో ఏదో నొక్కింది.

ముప్పై వాక్యాలూ వరసగా వినిపించాయి. నాలుగైదు కాగానే ఇన్‌చార్జి ముఖం చిట్లించాడు.

"ఇదెవరి గొంతు?"

"నాదే" అంది మా చెల్లెలు.

"పన్నెండేళ్ళుగా మీ కేక వింటున్నాను పిన్నీ. ఈ గొంతు నేనెప్పుడూ వినలేదు."

నేను విన్నాను. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది, ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కుతోంది. మా మాస్టారి కుర్చీ మీద నిలబడ్డవాడి గొంతు అది. ఆడమనిషి నోట్లోంచి వస్తోంది, అంతే తేడా. అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

"అది నా గొంతు" అన్నాను. "నేనే అలా చెప్పించాను. తప్పు నాది. కత్తెర తప్పు కూడా దాని మీద వెయ్యకండి."

ఫోర్‌మన్‌గా ఉన్నన్నాళ్ళూ ఇతరుల తప్పులు ఎన్నో రాశాను. నాదని ఒప్పుకున్నది ఆ భవనంలో అదే మొదలు. ఇన్‌చార్జి నేల చూశాడు. మా చెల్లెలు మాత్రం, "నేను నేర్చుకున్నాను కదా, నాకూ సగం రాయండి" అంది.

ఆ అమ్మాయి తేలిగ్గా నవ్వింది. "ఎవరి తప్పో తర్వాత చూద్దాం. దీనికి మీ గొంతు కావాలి, మంచి గొంతు అక్కర్లేదు. మీరు ఎలా పలికినా ఎప్పుడూ ఒకేలా పలికితే చాలు, అది పట్టుకుంటుంది. పాతదంతా చెరిపేస్తున్నాను. ఈ ముప్పై వాక్యాలు కూడా వద్దు. మీరు బల్ల దగ్గరికెళ్ళి రోజూ చేసే పని చెయ్యండి, రోజూ అనేదే అనండి. ఏమన్నారో పక్కన నేను టైపు చేసుకుంటాను. అది రెండూ కలిపి నేర్చుకుంటుంది."

"మెషిన్లు ఆపమంటారా?" అన్నాడు ఇన్‌చార్జి.

"వద్దు. అన్నీ తిరగనివ్వండి."

నేను వెనకాలే వెళ్ళి బల్లకి కాస్త ఎడంగా నిలబడ్డాను. మా చెల్లెలు గ్లౌజులు వేసుకుంది, సంచి కుమ్మరించింది. "రెండో వార్డు" అంది. అని నా వైపు చూసింది. అంతే, మిగతా మాట పొట్టిగా, తెగ్గొట్టినట్టు వచ్చింది. ఇంకోసారి మొదలుపెట్టింది. ఇంకోసారి చూసింది. ఆ అమ్మాయికి సంగతి అర్థమైంది. నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

"పెద్దాయనా, ఏమీ అనుకోకండి. మీరు కనిపిస్తుంటే ఆవిడ గొంతు మారిపోతోంది. కాసేపు బయట ఉంటారా?"

బయటికి వచ్చాను. బాయిలర్ గది పక్కన, వ్యాన్లు ఆగే ఖాళీ స్థలంలో నిలబడ్డాను. పైన వెంటిలేటర్లోంచి ఆవిరీ మెషిన్ల మోతా వస్తున్నాయి. కొంతసేపు ఇంకేమీ వినిపించలేదు. తర్వాత మోత మీదుగా ఒక కేక లేచింది. ఎక్కింది, సాగింది, దిగింది. వెంటనే ఇంకోటి. మధ్యలో ఎదురు బల్ల ఆవిడతో ఏదో కయ్యం, మళ్ళీ కేక. పట్నం వచ్చినప్పటి నుంచీ ఆ యాస ఎవరి నోట విన్నా నాకు చిన్నతనంగా ఉండేది. ఆ రోజు కొంచెం దగ్గరగా జరిగి విన్నాను. చేతులు ఆగకుండా పనిచేస్తున్న మనిషి కేక అది. వినేవాళ్ళకి తెలిసిపోతుంది.

వ్యాను డ్రైవరు నన్ను గుర్తుపట్టి, "ఏంటి ఫోర్‌మన్‌గారూ, ఎవరికోసం?" అన్నాడు. "మా చెల్లెలు లోపల పనిలో ఉంది" అన్నాను.

గంటంపావు తర్వాత ఆ అమ్మాయి బయటికి వచ్చింది, చేతిలో ఫోన్ ఉంది. నేర్పడం అయ్యాక ఇంకో మూడు సంచులతో పరీక్ష పెట్టిందట. ముప్పై మాటల్లో ఇరవై ఏడు ఒక్కసారికే రాసుకుంది.

"మిగతా మూడో?" అన్నాను.

"ఒకదాంట్లో దగ్గారు. ఇంకోదాంట్లో ఎదురు బల్ల ఆవిణ్ణి తిట్టారు, అది రాసుకోలేదు. మూడోది నిజంగానే పట్టుకోలేకపోయింది. ఇంకో వారం వాడితే అదీ సర్దుకుంటుంది."

ఆమె వెనకాలే ఇన్‌చార్జి వచ్చాడు. మడత గదికి పంపాల్సినవాళ్ళ కాగితం మీద ఒక పేరు కొట్టేసి ఉంది. నా కళ్ళజోడు తెచ్చుకోలేదు, అయినా గీత కనిపించింది.

"ఇంక లోపలికి వెళ్ళొచ్చా?" అని అడిగాను.

ఆ అమ్మాయి కొంచెం తటపటాయించింది. "ఇవాళ్టికి వద్దన్నారు ఆవిడ. ఇంకా పదకొండు సంచులున్నాయట. అన్నయ్యని ఇంటికెళ్ళి భోంచేయమనండి అన్నారు."

ముప్పై ఒక్క ఏళ్ళు తలుపు తట్టకుండా వెళ్ళిన భవనం అది. నేను లోపలికి వెళ్ళలేదు, భోజనానికీ వెళ్ళలేదు. పదకొండు సంచులూ అయ్యేదాకా గోడ పక్కన నీడలో నిలబడి, వార్డు తర్వాత వార్డు విన్నాను.