రెండు సముద్రాలు చూపించిన అల్లుడు

పెండ్లయిన కొత్తలో మా అత్తకు నేను సముద్రం చూపించినాను. ఒకటి కాదు, రెండు చూపించినాను. అందులో మొదటిది సముద్రం కాదు. ఆ ఒక్క పూటలో నేను పడిన అవస్థ పగవానికి గూడా వద్దు. పగవానికైతే పరవాలేదేమో గాని, ఏ ఇంటి కొత్తల్లునికీ వద్దు.

మాది జమ్మలమడుగు. తెల్లవాళ్ళ దొరతనం ఇంకా నడుస్తున్న కాలం. ఇంటింటికీ మగ్గం, మగ్గం కింద గుంత, గుంతలో కాళ్ళు పెట్టుకొని మేము. మా అత్త ఓబుళమ్మ మా మేనమామ భార్య. అంటే నేను పుట్టినప్పుడే ఒకసారి అత్త, ఆమె కూతురు చెన్నమ్మను చేసుకున్నాక రెండోసారి అత్త. అల్లుళ్ళందరికీ ఒక అత్త భయం ఉంటుంది. నాకు ఇద్దరత్తల భయం ఒకే మనిషిలో దొరికింది.

గొడవంతా పెండ్లి భోజనాల దగ్గర మొదలైంది. అంతకు ముందు నేనొకసారి మద్రాసు పోయినాను. పోయినాను అంటే, ఒక షావుకారి వెంట చీరల మూటలు మోసుకుంటూ పోయి, కొట్లో దించి, ఆ మూటల మీదనే పడుకొని, మరునాడు రైలెక్కి వచ్చినాను. మద్రాసులో నేను చూసింది ఆ కొట్టు గోడ. మా అత్తకు ఆ గోడ సంగతి తెలియదు. విస్తరిలో నెయ్యి పోస్తూ అడిగింది:

"మద్రాసు పోయొచ్చినావంట గదా అల్లుడా. సముద్రం చూసినావా?"

చుట్టూ చుట్టాలు. పక్కన కొత్త పెండ్లాం. మీరైతే లేదని చెబుతారా?

"చూడకేం అత్తా!"

"ఎట్లుంటాది నాయనా?"

"మన పెన్నకు నీళ్ళొచ్చినట్ల ఉంటాది. కాకపోతే అవతల గట్టుండదు."

అల్లుని నోట్లో శని అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ శని ఆనాడు నా నోట్లో గుంత తవ్వుకొని మగ్గం దించినాడు. మా అత్త నెయ్యిగిన్నె కింద పెట్టేసింది. "మీ మామ బతికినన్నాళ్ళూ సముద్రం చూపిస్తా, చూపిస్తా అంటానే ఉండె. చూపించకుండానే పాయె. నువ్వు తోడుంటే ఒక్కసారి చూసొస్తా నాయనా" అని కండ్లు తుడుచుకుంది.

ఆ యేడు వానలు వెనకబట్టినాక నూలు దొరక్క మగ్గాలు నిలిచిపోయినాయి. పని లేదు, చేతిలో దుడ్లు అంతంత మాత్రం. ఇదే సాకుగా తప్పించుకుందామనుకున్నాను.

"ఈ యేడు కష్టం అత్తా. మద్రాసులో గాలి గూడా ఊరికే రాదు."

"గాలితో పనేముంది? సత్రంలో పడుకుంటాం, రొట్టెలు కట్టుకపోతాం. సముద్రానికేమన్నా సుంకం కట్టల్లనా?"

అప్పటికే వీధి వీధంతా చెప్పుకొచ్చింది, మా అల్లుడు సముద్రం చూపిస్తాండాడని. ఇంక నాకు దారి లేదు. దారి లేనప్పుడు మగవాడు చేసే పనే నేనూ చేసినాను: పెత్తనం. ఏది కట్టుకోవాల, ఏది మానుకోవాల అని మూటల మీద పడినాను. చెన్నమ్మ ఉప్పు పొట్లం కడుతుంటే లాగి పారేసినాను.

"సముద్రానికి పోతా ఉప్పేందికి? పెన్నకు ఇసక మోసుకపోయినట్ల! ఆడ నీళ్ళు ముంచి పప్పు ఉడకేస్తే సరి."

చెన్నమ్మ వాళ్ళమ్మ మొగం చూసింది. వాళ్ళమ్మ ఇంటి వాసాల కేసి చూసింది. నా తెలివిని ఇద్దరూ మెచ్చుకుంటున్నారనుకున్నాను.

ముద్దనూరులో రైలెక్కినాం. మూడో తరగతి పెట్టెలో అందరూ ఒకరి మీద ఒకరు ఒరిగి హాయిగా నిద్ర పోతున్నారు. నాకు నిద్ర యాడిది? మద్రాసులో దిగినాక సముద్రానికి యా పక్కకు పోవాల? ఎవరినన్నా అడిగితే మా అత్త వింటుంది. అడక్కపోతే ఎప్పటికీ చేరం. పైగా అరవ దేశం. నాకు వచ్చిన అరవం రెండే ముక్కలు: ఆమా, ఇల్లె. ఒకటి అవును, ఒకటి కాదు. ఏది ఏదో అనేది మాత్రం కంగారులో తారుమారయ్యేది.

తెల్లవారుజామున ఒక చిన్న స్టేషన్లో రైలాగింది. కిటికీలోంచి చూసినాను. చూస్తే ఏముంది! పట్టాల పక్క నుంచి మొదలుపెట్టి కనుచూపు మేర నీళ్ళు. నీళ్ళ మీద మంచు. అవతల గట్టు లేదు! నా ప్రాణం లేచి వచ్చింది. మద్రాసు పోయే పనే లేదు, దారి అడిగే పనే లేదు, సముద్రమే మర్యాదగా స్టేషనుకు ఎదురొచ్చింది.

"దిగండి దిగండి! సముద్రం వచ్చేసింది!"

మూటలు కిందికి విసిరేసినాను. స్టేషన్లో ఉన్న పెద్దమనిషి టిక్కెట్లు చూసి అరవంలో ఏదో అడిగినాడు. అందులో మద్రాసు అనే మాట మూడు చోట్ల వినపడింది. "ఆమా, ఆమా" అన్నాను. ఆయన ఇంకేదో చెప్పినాడు. "ఇల్లె, ఇల్లె" అన్నాను. ఆయన నన్ను వదిలేసి మా అత్త కేసి జాలిగా చూసినాడు. రైలు పోయింది.

నీళ్ళ ఒడ్డుకు చేరినాం. మా అత్త నోరు పుక్కిలించి, మొగం కడుక్కొని, శానాసేపు నిలబడి చూసింది. నేను ఆమె పక్కన చేతులు కట్టుకొని, సముద్రాన్ని నేనే తవ్వించినట్టు నిలబడినాను.

"అల్లుడా, అలలుంటాయంటారే. యాడ?"

"పొద్దింకా పొడవలేదు గదత్తా. అవింకా లేయలేదు."

"అట్లనా" అంది.

అంతలో నీళ్ళలోంచి నల్లగా ఏవో తలలు లేచినాయి. చూస్తే కొమ్ములు తిరిగిన ఎనుములు. ఒకాయన వాటిని తోముతున్నాడు.

"సముద్రంలో ఎనుములేంది నాయనా?"

"ఉప్పు నీళ్ళతో కడిగితే ఒంటికి పట్టిన గోమార్లు రాలిపోతాయత్తా. అందుకు తోలుకొస్తారు."

"అట్లనా" అంది మళ్ళా.

నేను ఎంత ధైర్యంగా చెబుతున్నానో అంత చెమట పడుతోంది. ఆ చలిలో! ఇంక చాలు దేవుడా అనుకునేలోపల పొద్దు పొడిచింది. మంచు మెల్లగా, చీర కొంగు తొలగినట్టు తొలగింది. తొలగితే ఏం కనపడింది? అవతల గట్టు. గట్టు మీద తాటిచెట్లు. చెట్ల వెనక ఇటుకల బట్టీ. బట్టీ మీద పొగ.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు, నేను చూపిన సముద్రానికి రెండు గట్లు!

"అల్లుడా, ఆ పక్క గట్టు కనపడతాండాది."

నా నోట్లోని శని నాకంటే ముందే జవాబు చెప్పేసినాడు.

"అది లంక అత్తా."

చెన్నమ్మ నా వీపు మీద గిల్లింది. ఎందుకు గిల్లిందో నాకు అర్థం కాలేదు. మా అత్త మాత్రం రెండు చేతులూ జోడించింది. "తల్లీ, సీతమ్మా! ఇంత దూరంలో ఎట్ల ఉంటివే ఒక్కదానివే" అని లంకకు దండం పెట్టుకుంది. తర్వాత కండ్లు చిన్నవి చేసుకొని చూసి, "ఇంకా పొగ వస్తాండాదే!" అంది.

"అప్పుడంటించింది అత్తా. అంత సులభంగా ఆరదు."

నా మాట నాకే వినలేక, తల నీళ్ళలో ముంచుకుంటే నయమని స్నానానికి దిగినాను. మునిగినాను. ఒక గుక్క లోపలికి పోయింది. పైకి లేచినాను. ఇంకో గుక్క కావాలనే తాగినాను. తియ్యగా, మా వీధి బావి నీళ్ళ కంటే తియ్యగా ఉన్నాయి! అది చెరువు. ఎనుములు తోమే, ఇటుకలు కాల్చే, మామూలు అరవ చెరువు.

మెడ దాకా నీళ్ళలో నిలబడి లెక్కేసుకున్నాను. ఇద్దరూ ఇప్పుడు వంట మొదలుపెడతారు. నేను చెప్పినట్టే ఉప్పు వేయరు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు నా బతుకు చప్పబడుతుంది. జమ్మలమడుగులో ఏ మగ్గం దగ్గరికి పోయినా, "ఏమప్పా ఓబులేసూ, లంకలో అందరూ బాగుండారా?" అంటారు. నా కొడుకులు, మనవళ్ళు గూడా లంకోళ్ళే అవుతారు.

ఒడ్డుకొచ్చేసరికి మూడు రాళ్ళ మీద కుండ ఉడుకుతోంది. కందిబ్యాళ్ళు, చెరువు నీళ్ళు.

"ఉప్పు ఎయ్యలేదు గదత్తా?" అన్నాను.

"నువ్వు వద్దన్నాక ఎట్లేస్తాం నాయనా?"

చుట్ట నిప్పుకు పోయొస్తానని చెప్పి పరుగెత్తినాను. నాకు చుట్ట అలవాటు లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కొంచెం దూరంలో బట్టలుతికే ఒకామె బండ మీద కూర్చొని గంజి తాగుతోంది. పక్కన ఆకులో తెల్లగా ఉప్పు కనపడింది. వెతికిన దేవత ఎదురైంది, కాని అరవంలో దేవతను అడిగేదెట్ల? కుండ ఉడుకుతున్నట్టు చేతులు తిప్పినాను. నాలుక చాపి అరచెయ్యి నాకినాను. మొగం వికారంగా పెట్టి, చప్పగా ఉందని తల అడ్డంగా ఊపినాను. ఆమె బెదిరి లేచి నిలబడింది. పాపం కడుపునొప్పి అనుకుందేమో, నీళ్ళ చెంబు నా చేతిలో పెట్టింది. చెంబు తోసేసి మళ్ళా అరచెయ్యి నాకినాను. ఈసారి ఆమె బట్టలుతికే కట్టె అందుకుంది. నాకు ఏడుపొచ్చింది.

"ఉప్పు తల్లీ! ఉప్పు! ఇంకెట్ల చెప్పల్ల నీకు?"

"ఉప్పా?" అంది ఆమె.

వాళ్ళకూ ఉప్పు ఉప్పేనంట! ముందే ఆ మాట అనుంటే సరిపోయేది. ఆమె నవ్వాపుకోలేక ఆకుతో సహా ఇచ్చేసింది.

తిరిగొచ్చేసరికి అత్త నీళ్ళ దగ్గర చెంబు తోముతోంది. చెన్నమ్మ కుండ దగ్గరుంది. "మీయమ్మ పిలుస్తాండాది పో" అన్నాను. ఆమె కదలగానే ఆకులోని ఉప్పంతా కుండలో కుమ్మరించి, కలిపి, ఆకాశం చూస్తూ కూర్చున్నాను. బతికినాననుకున్నాను.

ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. రొట్టె, దాని మీద పప్పు. అందరం ఒకేసారి ముద్ద నోట్లో పెట్టుకున్నాం.

ఏమని చెప్పేది! నాలుక చుట్టుకపోయింది. చెవులు మోగినాయి. అది పప్పు కాదు, ఉప్పు కొటారు. అయినా నేను మింగినాను. కండ్లలో నీళ్ళతోనే గెలిచినవాని మాదిరి అన్నాను:

"చూసినావా అత్తా! సముద్రమంటే సముద్రమే!"

మా అత్త ముద్దను ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చింది. ఒకసారి చెన్నమ్మను చూసింది. చెన్నమ్మ తల వంచుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తాందేమో అనుకున్నాను.

"ఏమే, నువ్వు గూడా ఏసినావా?" అంది అత్త.

"కొంగున కట్టుకొచ్చినానమ్మా. పారేసిన పొట్లంలోదే. నువ్వు?"

"నా వక్కాకు సంచిలో ఎప్పుడూ ఉంటాది. నువ్వు కట్టెలకు పోయినప్పుడు పిడికెడేసినా." ఇద్దరూ కలిసి నా వైపు తిరిగినారు. "నువ్వెంత ఏసినావు నాయనా?"

"ఆకెడు" అన్నాను.

అప్పుడు చెన్నమ్మ నవ్వింది చూడండి, చెరువులోని ఎనుములు గూడా తలెత్తి చూసినాయి. మా అత్త రొట్టె పక్కన పెట్టి, ముంత ఎత్తి గటగటా నీళ్ళు తాగింది. ఆ నీళ్ళే.

"నీకెప్పుడు తెలిసిందత్తా?"

"దిగీ దిగంగానే నోరు పుక్కిలించినా గదా."

"మరి లంకకు దండం పెట్టినావే!"

"నువ్వంత కష్టపడి చూపిస్తాంటివి. పెట్టకుంటే బాగుంటాదా? నా బిడ్డ ముందర నీ పరువు పోగూడదని."

"నేనేమో మాయమ్మ ముందర నీ పరువు పోగూడదని" అంది చెన్నమ్మ, కొంగు నోట్లో కుక్కుకుంటూ. "అందుకే గదా బావా గిల్లింది, ఇంక చాలించమని!"

నా పరువు కాపాడేదానికి ముగ్గురం కలిసి ఆ పప్పును చంపినాం. ఎనుముల ముందర పెడితే అవి గూడా మూతి తిప్పుకున్నాయి. మద్రాసు గోడ సంగతి మొత్తం అప్పుడే చెప్పేసినాను. మా అత్త కోప్పడలేదు. నీళ్ళ కేసి చూసి, చిన్నగా, "ఇంత దూరం వచ్చినాం. అసలుది గూడా చూసిపోతే బాగుండు" అంది. ఆ మాటకు నాకు ఉప్పు కంటే ఎక్కువ మండింది.

టిక్కెట్లు మద్రాసు దాకా ఉన్నాయి గదా. ఆ స్టేషను పెద్దమనిషి మమ్మల్ని చూసి ఏమీ అడక్కుండానే, నవ్వుతూ తర్వాతి రైలెక్కించినాడు. మద్రాసులో దిగి ఈసారి నేను సిగ్గు లేకుండా కనపడిన ప్రతి మనిషినీ దారి అడిగినాను. పొద్దు వాలే వేళకు చేరినాం.

ముందు చప్పుడు వినపడింది. తర్వాత కనపడింది. నేను అయిదారడుగులు వెనక్కి వేసినాను, చెప్పేదానికి సిగ్గేముంది. పెన్న లేదు, చెరువు లేదు, నేను చెప్పిన ఏ మాటా దానికి సరిపోలేదు. మా అత్త మాత్రం చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకొని నేరుగా పోయి మోకాళ్ళ లోతులో నిలబడింది. అల వచ్చి తగిలితే చిన్నపిల్ల మాదిరి కేక పెట్టింది. "ఇదిగో చూడు, చూస్తాండావా" అని ఎవరితోనో మాట్లాడింది. మా మామతోననుకుంటా. చెన్నమ్మా నేనూ దగ్గరికి పోలేదు.

శానాసేపటికి ఆమె వంగి, దోసిట్లో నీళ్ళు పట్టి, నాలుకకు తగిలించుకుంది. ఇది గూడా తియ్యగా ఉందంటే నేను ఆ నీళ్ళలోనే దూకేవాణ్ణి.

మా అత్త చప్పరించి, ఆలోచించి, నా వైపు తిరిగింది.

"సముద్రమే అల్లుడా, అనుమానం లేదు. కాని మన పప్పు ముందర శానా చప్పగా ఉండాది."

కాబట్టి, చదివే అయ్యలారా, అమ్మలారా, సూర్యచంద్రుల సాక్షిగా నేను పెట్టుకున్న ఒట్టు ఇది: ఈ జన్మలో గుక్కెడు తాగి చూడకుండా ఏ నీళ్ళకూ పేరు పెట్టను. ఏ అవతల గట్టునూ లంక అనను. ఇంక, ఆడవాళ్ళు పొయ్యి మీద పెట్టిన కుండలో, నా పరువు కాదు గదా, నా ప్రాణమే మునుగుతున్నా సరే, చెయ్యి పెట్టను.