ఎవరి చుక్కలు?

జనగామ ఆసుపత్రిలో ఇరవై ఏళ్లుగా స్కానింగ్ పని చేస్తున్న మహిపాల్‌కు, తండా నుంచి కొత్తగా చేరిన రోజా అంటే ఒళ్లుమంట. ఎవరి చెయ్యి నిలకడో చూద్దామని డాక్టరమ్మ ఇద్దరికీ అవే మోకాళ్ల స్కాన్లు నెల తేడాతో రెండుసార్లు ఇచ్చి, ఎముక బుడిపెల మీద చుక్కలు పెట్టమంది. రోజా ముందు తన మోకాలు తడుముకుని, అప్పుడు చుక్క పెట్టేది.

"స్కాన్ చూడరాక కాలు పిసుక్కుంటాంది," అని మహిపాల్ ఎగతాళి చేసేవాడు.

ఫలితాల రోజు తెర మీద బుడిపె దాటిపోయిన చుక్కలు కనిపించగానే ఎగిరిపడ్డాడు. "చూసిన్రా మేడం? గీ పిల్లకు ఎముకేందో కండేందో తెల్వదు!"

"గివి పోయిన నెల నువ్వు పెట్టినయే, మహిపాల్," అంది డాక్టరమ్మ.

రోజా నవ్వలేదు. అదే అతన్ని ఎక్కువ మండించింది. ఆమె అటు తిరిగేదాకా ఆగి, బల్ల కింద తన మోకాలు తడుముకున్నాడు.