కాలువ గట్టు మీద పొడి చీర

మొన్న తొర్రూరులో మా ఇంటికి సర్వే చేసే పిల్ల ఒకతి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో ట్యాబు, పొద్దుటినుంచి గడపగడపా తిరిగిన అలసట. బండి ఉందా, ఫ్రిజ్ ఉందా, ఎవరెంత చదివారు అని అడుగుతూ మా మేనత్త దగ్గరికి వచ్చింది. కంటి ఆపరేషన్ చేయించుకున్న అత్త నల్లద్దాలు పెట్టుకుని నెల రోజులుగా మా ఇంట్లోనే ఉంటోంది. "నీ మతమేందవ్వా?" అంది పిల్ల. "ఎందుకు బిడ్డా?" అంది అత్త. "ఊరికే అవ్వా, గిక్కడ కాలమ్ ఉన్నది, నింపాలె." ఊరికే అడిగే ప్రశ్న ఒకటి ఉంటుందని మా వంశంలో ఎవరూ నమ్మరు. అత్త నల్లద్దాలు నా వైపు తిప్పి, "మా అల్లుణ్ణడుగు. నా మతం సంగతి ఆయనకే ఎరుక" అంది. పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట ఏదో ఒకరోజు వస్తుందని ఆరేళ్లుగా భయపడుతున్నవాణ్ణి.

అనుమానం అత్తకు పుట్టింటివాళ్లిచ్చిన ఆస్తి. పాలలో వేలు ముంచి చూడనిదే చెంబు లోపలికి తీసుకుపోదు. బస్సు బోర్డు చదివించుకుని ఎక్కుతుంది, ఎక్కాక కండక్టర్ని అడుగుతుంది, కూర్చున్నాక పక్కామెను అడుగుతుంది. పెద్దవంగర దగ్గరి మా ఊళ్లో, మా వాడ నుంచి శవాలను పూడ్చే బొందలగడ్డకు అప్పట్లో దారి లేదు. మామ పోయింది వానాకాలంలో. పొలాల గట్ల మీద మోసుకుపోతుంటే పాడె జారి, మామ బురదలో పడ్డాడు. అత్త ఆ బురదను కొంగుతో తుడిచింది. ఆ తర్వాత చాన్నాళ్లు తిండి ముట్టలేదు. అప్పుడు ఇంటికొచ్చి పక్కన కూర్చున్నది వాడలోని పాస్టరు, ఆయన భార్య. వాళ్లనూ అత్త వెంటనే నమ్మలేదు. నాలుగు నెలలు ప్రతి ఆదివారం ప్రార్థన మందిరం గుమ్మం బయటే, చెప్పులు విడవకుండా నిలబడి వాక్యం విన్నది. ఐదో నెలలో చెప్పులు విడిచింది.

బాప్తిస్మం పెద్ద కాలువలో. అప్పటికే టీచరుగా తొర్రూరులో ఉంటున్న నన్ను పిలిపించింది. "నాకు దేవుని మీద నమ్మకమున్నది గని నీళ్ల మీద లేదు అల్లుడా. నువ్వు గట్టు మీదుండు" అంది. నేను పొడి చీర పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. పాస్టరు ముంచుతుంటే ఆయన చెయ్యి రక్కుకుపోయేంత గట్టిగా పట్టుకుంది. పైకి లేచి, కళ్లలో నీళ్లు తుడుచుకోకుండానే నన్ను కేకేసి అడిగింది: "తల మొత్తం మునిగిందా?" "మునిగింది అత్తా" అన్నాను. "నిజం చెప్పు." "నిజం. మొత్తం మునిగినవ్."

ఇక ఆమె బొట్టు తీసేసింది, మొక్కిన మాంసం ముట్టడం మానేసింది. మా నాయినకు చెల్లెలంటే ప్రాణం. జాతరకు యాట కోసినప్పుడల్లా ఆమె కోసం వేరే కోడిని తెచ్చి, వేరే గిన్నెలో వండించేవాడు. అత్త గిన్నె మూత తీసి, వాసన చూసి, "ఏ గంటెతోని కలిపిన్రు?" అని అడిగేది. గంటె కూడా వేరేదేనని నాయిన తన తల మీద ఒట్టు పెట్టేవాడు. ఒట్లు పెట్టొద్దని వాక్యంలో ఉందని అత్త ఆయన్నే మందలించేది. ఇంతకన్నా గొప్ప మతసామరస్యం నేనెక్కడా చూడలేదు.

రాజకీయం మా వాడ మందిరంలోకి వచ్చింది ఒక క్రిస్మస్ ముందు, చీరల మూటలతో. పేద క్రైస్తవులకు కానుకలన్నారు. జాతరలో నుదుటి నిండా బండారి పసుపు పూసుకుని కొబ్బరికాయ కొట్టిన నాయకుడే ఇక్కడ కేకు కోసి "ప్రైజ్ ది లార్డ్" అన్నాడు. పేరు రాయించి వేలిముద్ర వేసిన వాళ్లకు చీర. మందిరానికి ముప్పైమంది కూడా రారు, వరుస మాత్రం వీధి మలుపు దాటింది. వరసకు నాకు చిన్నమ్మ అయ్యే ఒకామె నుదుటి స్టిక్కరు తీసి మణికట్టుకు అంటించుకుని, చీర అందుకుని, మలుపు తిరగ్గానే స్టిక్కరు మళ్లీ యథాస్థానంలో పెట్టుకుంది. అత్త మాత్రం ఇంట్లోంచి కదల్లేదు. "ఇయ్యాల చీరె ఇయ్యనీకి పేరు రాస్తరు. రేపు గా పేరు చూపిచ్చి ఏం గుంజుకుంటరో!" అంది. ఆ విధంగా ఊరి క్రైస్తవుల పట్టికలో అసలు క్రైస్తవురాలి పేరు లేకుండా పోయింది.

తర్వాత మా ఊరి సర్పంచి పదవి ఎస్సీ మహిళకు రిజర్వు అయింది. బొందలగడ్డకు దారి వేయించడానికి నిలబడతానంది అత్త. అదొక్కటే ఆమె కోరిక. పోటీ ఎవరయ్యా అంటే చిన్నమ్మే. ఎస్సీలు క్రైస్తవంలోకి మారితే చట్టం ప్రకారం ఎస్సీ కింద లెక్కకు రారు. కాబట్టి అత్త నామినేషన్ చెల్లదని చిన్నమ్మ వాళ్లు అభ్యంతరం పెట్టారు. రుజువు ఏదంటే ఆ చీరల పట్టికే సంపాదించి తెచ్చారు, చదివి చూసుకోకుండా. అధికారి వేలు పెట్టి పైనుంచి కింది దాకా వెతికాడు. అత్త పేరు లేదు. చిన్నమ్మ పేరు, ముద్ర రెండూ ఉన్నాయి. గది అంతా గొల్లున నవ్వింది. "చీరె తీసుకుంటే కిరస్తానమైతరా సారూ?" అని చిన్నమ్మ గయ్యిమంది. అది న్యాయమైన ప్రశ్నే. బొట్టు తీస్తే అవుతారా, మాంసం మానితే అవుతారా?

అధికారి నవ్వాపుకుని అత్తను అడిగాడు: "ఇవన్నీ వదిలెయ్యమ్మా. బాప్తిస్మం తీసుకున్నవా?"

అత్త అధికారిని చూసింది, తర్వాత పక్కనే నిలబడ్డ నన్ను చూసింది. నోరు తెరవబోయింది. ఆమె ఏం చెబుతుందోనన్న అనుమానం నన్ను పట్టేసింది. దారి గుర్తొచ్చింది, బురదలో పడ్డ మామ గుర్తొచ్చాడు. నిజం ఒప్పుకోవాలి గనక అదీ చెబుతాను, మా ఇంటి ఎస్సీ సర్టిఫికెట్ల మీదికి కూడా ఎవరైనా పట్టికలు పట్టుకొస్తారేమోనన్న భయమూ గుర్తొచ్చింది. ఆమెకన్నా ముందు నేనే అన్నాను: "మా అత్త ఎన్నడూ మునగలేదు సార్. నేను టీచర్ను, నాకు తెలుసు." టీచరు మాట కాబట్టి అధికారి నమ్మాడు. అత్త తెరిచిన నోరు మూసుకుంది.

ఆమె గెలిచింది. రెండో ఏడు తిరక్కముందే దారి వేయించింది. కానీ గెలిచిన నాటినుంచి మందిరం గడప తొక్కలేదు. చిన్నమ్మ చూసి కోర్టుకు పోతుందన్న భయమే అనుకున్నాం. ఆదివారాలు ఇంటి అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతూ మైకులో వచ్చే పాటలు వినేది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరేది. పదవి అయిపోయాక, ఇక భయమేంటని అడిగాను. "నువ్వు నల్గుర్ల మునగలేదంటివి. నేను ఊకుంటిని. మళ్ల మునగాల్నా అల్లుడా, లేకుంటే పాతదే చెల్లుతదా?" అంది. అనుమానం తీర్చుకోవడానికి అడిగిందో, నన్ను పొడవడానికి అడిగిందో తెలియలేదు. నాకు సిగ్గేసింది. బస్సుకు వేళైందని లేచి వచ్చేశాను.

ఇప్పుడు సర్వే పిల్ల ట్యాబు పట్టుకుని నా ముందు నిలబడింది. "సార్, ఖాళీగ వదిలితే ముందుకు పోతలేదు" అంది. హిందువని రాయించడం ఎంత పని? ఆ కాలమ్ ఎక్కడికి పోయి, ఎవరి చేతిలో పడి, ఎవరి మీదికి తిరిగొస్తుందోనన్న అనుమానం నాకిప్పటికీ ఉంది, పోదు కూడా. అయినా, "ఆమెకు నోరున్నదమ్మా. ఆమెనే అడుగు" అన్నాను.

అత్త నల్లద్దాలు తీసి, మంచం కోడు పట్టుకుని కూర్చుంది. "క్రైస్తవురాలినని రాసుకో బిడ్డా. పెద్ద కాలువల మునిగిన. ఎవలన్న సాక్ష్యమున్నరా అనంటే మా అల్లుని పేరు రాయి. పొడి చీరె పట్టుకొని గట్టు మీద నిలవడ్డడు." సాక్షి పేరుకు కాలమ్ లేదంది ఆ పిల్ల. "లేకపోతే పాయె. ఆయనైతే ఇన్నడు గద!" అంది అత్త.

ఆ కాలువలో ఎన్ని తడుల నీళ్లు పారిపోయాయో. ఆమె ఒడ్డుకొచ్చి వణుకుతూ నిలబడితే, చేతిలో ఉన్న చీర అందించడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.