చీర కప్పిన గూడు

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను. ఒడియా కొండల్లో లమ్తపుట్ వైపు పల్లెల్లో ఇళ్ళ వెనక ఇప్పుడు కనిపిస్తున్న కదిలే కోళ్ళ గూళ్ళలో, పైనున్న తీగ జాలీ కింద పాత చీర కట్టి ఉంటుంది. ఆ చీర ఆలోచన నాది.

పోయిన వారం అటువైపు బస్సులో వెళ్తుంటే కిటికీలోంచి చూశాను. వాలులో ఒకావిడ వెదురు గూడుని రెండు పిడులూ పట్టి ఎత్తి, తోపుడు బండిలా పచ్చగడ్డి ఉన్నచోటికి నెట్టుకుపోతోంది. గూట్లో ఒక అరలో కోళ్ళు, ఇంకో అరలో కౌజు పిట్టలు. పిట్టల మీద పసుప్పచ్చ చీర గాలికి పొట్టలా ఉబ్బుతోంది. నా పక్కన కూర్చున్న ముసలావిడ నా చూపు గమనించి, అవి 'వెల్డర్ బాబు గూళ్ళు' అని అక్కడి కొండ భాష దేశియాలో ఎంతో గర్వంగా చెప్పింది. నేను తల ఊపాను. నలుగురిలో నాకు బాగా వచ్చిన పని అదొక్కటే.

వెల్డర్ బాబు మా అమ్మ తమ్ముడు, నాకు చిన్నమావయ్య. నాన్నది ఫ్యాక్టరీలో పర్మనెంటు ఉద్యోగం, మావయ్యది కాంట్రాక్టరు కింద వెల్డింగు పని. కాంట్రాక్టరు మారేసరికి ఆ పని పోయింది. భార్యనీ పిల్లల్నీ తెరుబలిలో ఆవిడ పుట్టింట్లో దింపి, ఒక సంచీతో మా క్వార్టరుకి వచ్చాడు. పనిలేని మనిషి చేతులు ఊరికే ఉండవు. అమ్మకి విజయనగరం దగ్గర పుట్టిన ఊళ్ళో కోళ్ళ మధ్య పెరిగిన జ్ఞాపకం, ఎప్పటినుంచో పెరట్లో నాలుగు కోళ్ళు పెట్టుకోవాలన్న కోరిక. కానీ టౌన్‌షిప్‌లో పెరట్లో ఏదీ కట్టకూడదు, కడితే వచ్చి పడగొట్టేస్తారు. మావయ్య దానికో ఉపాయం కనిపెట్టాడు. "కదల్నిది కట్టడం. కదిలితే బండి. బండి ఎట్టుకోడానికి ఎవుడి పర్మిషను కావాలే అప్పా?" అన్నాడు అమ్మతో.

మా ఫ్యాక్టరీ మనుషుల తెలివంతా ఇనుములోనే ఉంటుంది. చీపురు కర్ర విరిగితే పైపు వెల్డింగు చేసి ఇస్తారు, ఊడ్చేవాళ్ళ భుజం ఊడినా ఆ చీపురు ఊడదు. మావయ్య కూడా మొదటి గూడు యాంగిల్ ఇనుముతోనే చేశాడు. నాలుగు చక్రాలు, గడియ, ఎర్రరంగు. వానలు మొదలవగానే చక్రాలు బురదలో దిగబడిపోయాయి. ఎస్టేటు సూపర్‌వైజరు వచ్చి, కదిలేదే అయితే కదిపి చూపించమన్నాడు. మావయ్య తోశాడు, నాన్న తోశాడు, పక్క క్వార్టరు వాళ్ళు తోశారు, చివరికి సూపర్‌వైజరు కూడా చొక్కా చేతులు మడిచి తోశాడు. వాకిట్లో నిలబడి అమ్మ, "ఒరే తమ్ముడా, ఇది గూడు కాదురా, రైలింజను. పట్టాలు కూడా ఎయ్యి!" అంది. అందరూ నవ్వేసరికి సూపర్‌వైజరు కూడా నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

తర్వాత సెమిలిగుడ సంత నుంచి వెదురు వచ్చింది. చక్రాలు ఒక పక్కనే, రెండో పక్క పిడులు. కింద అడుగు లేదు. రోజూ కొత్త గడ్డి మీదకి జరిపితే కోళ్ళు తవ్వుకుని తింటాయి, రెట్ట ఎక్కడికక్కడ ఎరువవుతుంది. కుక్కలు కింద తవ్వి దూరకుండా చుట్టూ అంచుకి జాలీ పరిచేవాళ్ళం. ముడులు వేయడం నా పని. డిగ్రీ అయిపోయి, డైరీ రాసుకోవడం, లైబ్రరీ పుస్తకాలు చదవడం తప్ప ఇంకే పనీ లేని రోజులవి. బయట ఒక్క మాటకి చెమటలు పట్టే నాకు మావయ్య దగ్గర మాత్రం మాటలు వచ్చేవి. "ఏటమ్మీ, ఈరోజు ఎన్ని మాటలు ఖర్చు పెట్టీసినావు?" అని రోజూ ఏడిపించేవాడు.

కౌజు పిట్టలు వచ్చాక కష్టం మొదలైంది. తల మీద తోలు ఊడి ఒకటో రెండో చచ్చి పడి ఉండేవి. పిల్లి పనని అమ్మ, ఎలకల పనని మావయ్య. ఇంకో వరస జాలీ కట్టాడు, అయినా చావులు ఆగలేదు. ఒక మధ్యాహ్నం నేను గూడు పక్కన కూర్చుని డైరీ రాసుకుంటుంటే షిఫ్టు సైరన్ మోగింది. కోళ్ళు మెడ వంకరపెట్టి ఊరుకున్నాయి. పిట్టలు మాత్రం మూకుట్లో పేలాల్లా అన్నీ ఒక్కసారి నిట్టనిలువుగా ఎగిరి జాలీకి తలలు కొట్టుకున్నాయి. అమ్మ పాత నైలాన్ చీర తెచ్చి, జాలీకి జానెడు కిందగా వదులుగా కట్టాను. మళ్ళీ సైరన్ మోగినప్పుడు పిట్టలు చీరకి తగిలి మెత్తగా కిందికి దిగాయి. మావయ్య చీర చేత్తో తడిమి చూసి, "ఇన్నేళ్ళు ఆ సైరన్ కిందే బతికినాను. నాకు తట్టనేదమ్మీ," అన్నాడు. నా జీవితంలో నాకు దొరికిన పెద్ద బహుమతి ఆ మాటే.

గూళ్ళ కబురు పాకింది. పల్లెల్లో మహిళా సంఘాలతో పనిచేసే ఒక సంస్థ, ఈ గూళ్ళు కట్టడం ఊరూరా తిరిగి నేర్పడానికి ఒక మనిషి కావాలంది. ఆ మనిషి నేనే కావాలనుకున్నాను. ముడులు వేస్తూ మావయ్యకి చెప్పాను. "నువ్వే ఎల్లాల. నాను ఎనకాల సామాను మోసుకొస్తాను," అన్నాడు. ఆ రోజు నుంచి కోళ్ళ ముందు నిలబడి దేశియాలో పాఠం చెప్పడం సాధన చేశాను. మెడ వంచి వినడంలో కోళ్ళని మించిన శ్రోతలు లేరు. అవి మధ్యలో ప్రశ్నలు కూడా వేయవు.

సంస్థ ఆఫీసరు వచ్చిన రోజు నేను టీ పళ్ళెంతో గుమ్మంలో ఉన్నాను. ఆయన చీర ఎత్తి చూసి, ఈ ఆలోచన ఎవరిదని ఒడియాలో అడిగాడు. నా గొంతులో మాట నిట్టనిలువుగా లేచి, దేనికో తగిలి, పడిపోయింది. మావయ్య నావైపు చూడలేదు. "నాదే సార్," అన్నాడు. ఆ తర్వాత సైరన్ కథంతా చెప్పాడు. గూడు పక్కన కూర్చున్నదీ, కోళ్ళు మెడ వంచడం చూసిందీ అంతా తనేనట. చాలా బాగా చెప్పాడు. నేనైతే అంత బాగా చెప్పలేను.

వంటింట్లో అమ్మ జంతికలు ఇంకో ప్లేటులో పెడుతూ, "ఆడికి పని నేదు కదమ్మీ. నువ్వెలాగూ నలుగురిలో నోరిప్పవు," అంది. అంటే అమ్మకీ తెలుసు. తెరుబలిలో అత్త పుట్టింటి పంచన పడుతున్న అవస్థ నాకూ తెలుసు. మావయ్య అడిగి ఉంటే నేనే ఇచ్చేసేదాన్ని. అడగలేదు.

ఆ ఉద్యోగం మావయ్యకే వచ్చింది. వెళ్ళేరోజు నమూనా గూడుని ఆటో మీద కడుతుంటే, అలవాటుగా ముడులు నేనే వేశాను. ఆ ముడులు అయ్యేలోపు ఒక్క మాట అంటాడని చూశాను. ఆ తర్వాత ఆయన మా ఇంటికి రాలేదు. పండక్కి అమ్మకి ఫోన్ చేసి పెట్టేస్తాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆయన చెప్పిన కథ తేలిగ్గా పల్లె నుంచి పల్లెకి నడిచిపోతోంది. నాది మాత్రం ఆ మొదటి ఇనప గూడులా, దిగబడినచోటే తుప్పు పడుతోంది. ఆ రోజు ఆటో కదలబోతుంటే, చిన్నప్పటిలా నా తల మీద చెయ్యి వేసి అన్నాడు:

"నువ్వేటీ అనవని నాకు తెలుసమ్మీ."