హిల్డా చెప్పించే మాట

మా ఆడపడుచు హిల్డాకి మనుషుల మీద నమ్మకం బొత్తిగా లేదు. సొంత అన్న, అంటే మా ఆయన, బీరు పోస్తుంటే కూడా ఓ కన్ను అటే వేసి ఉంచుతుంది. ఇక తాగినవాళ్లనేం నమ్ముతుంది? సంత రోజున మా పబ్బుకి బండి మీద ఎవడొచ్చినా ముందు తాళంచెవి ఆమె చేతిలో పెట్టాలి. వెళ్లేటప్పుడు 'రెస్పాన్సిబిలిటీ' అని చెప్పి పట్టుకెళ్లాలి. ఆ మాటకి 'రెస్పాన్స్' అని ఓ తలా, వెనక 'ఇబుల్', 'ఇటీ' అని రెండు తోకలూ. పలికేటప్పుడు బరువంతా నడిమి 'బి' మీద పడాలి. తాగినవాడు తోకలు మింగేస్తాడు, బరువు ఎక్కడో దించేస్తాడు. హిల్డా చెవి ఇట్టే పట్టేస్తుంది.

ఆ మధ్యాహ్నం పాల లారీ నడిపే క్లిఫర్డ్ ఔత్వైట్ వెళ్లబోతూ హిల్డా దగ్గరికొచ్చి తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

"రె... స్పాన్... సి... బి... లి... టీ" అన్నాడు, ఆచితూచి. 'బి'ని గట్టిగా నొక్కాడు కూడా.

"రాణిగారి కిరీటానికైనా ఇంత కాపలా ఉండదు" అని పక్కన కూర్చున్న ముసలి సెత్ నవ్వాడు.

"ఇచ్చెయ్, హిల్డా" అన్నాను నేను.

"నువ్వూరుకో వదినా. మామూలు మనిషెవడైనా అంత శుభ్రంగా చెప్తాడా? వీడు వల్లించుకుని వచ్చాడు."

"చుక్క ముట్టలేదు" అన్నాడు క్లిఫర్డ్.

హిల్డా అతని గ్లాసు లాక్కుని వాసన చూసింది. ఉత్త అల్లం సోడా. నాకు సిగ్గేసింది. ఆవిడకైతే అనుమానం ఇంకా ముదిరింది.

"తాగనివాడివి ఎందుకు వల్లించావు? ముక్కలు చెయ్యకుండా ఒక్క ఊపున అను, క్లిఫ్."

అన్నాడు. మాట ముద్దయిపోయింది. మూతి ఒక పక్క వాలిపోయి లేవనేలేదు. సెత్ నవ్వు ఆపేశాడు.

"ఎప్పట్నుంచి?" అంది హిల్డా.

"పోయిన వారం నుంచి" అన్నాడు, తల దించుకుని, ఒక్కో మాటే కూడబలుక్కుంటూ. "డాక్టరు చూస్తే లారీ ఎక్కనివ్వరు, హిల్డా. నాకు వేరే పని రాదు."

హిల్డా కోపం చాలాసార్లు చూశాను గానీ, ఆమె కళ్లలో నీళ్లు చూడటం అదే మొదటిసారి.

"తాగి ఉంటే ఎంత బాగుండేది. సాయంత్రానికి దిగిపోయేది" అంది. తాళంచెవి తన జేబులో వేసుకుని, "వదినా, డాక్టరుకి ఫోన్ చెయ్యి" అంది.

క్లిఫర్డ్ నాకు అడ్డొచ్చి గబగబా ఏదో అన్నాడు. బతిమాలుతున్నాడని తెలిసింది గానీ, మాట అర్థం కాలేదు. ఫోన్ చేసేశాను.