ఇన్నాసమ్మ చెయ్యి

తొంభై మూడులో, రొమ్ము క్యాన్సర్ ఆపరేషనయిన రెండో ఏడు, ఇన్నాసమ్మ గుంటూరు జిల్లా పల్లె నుంచి పరీక్షలకని కృష్ణానగర్‌లో చెల్లెలింటికి వచ్చింది. చెల్లెలు కరుణాకుమారి ఫిల్మ్‌నగర్‌లో సినిమావాళ్ళకు బట్టలు కుడుతుంది. "జబ్బు పూర్తిగా పోయిందమ్మా" అన్నాడు డాక్టరు. ఆ మాట విన్నాక కూడా అక్క ముఖం విప్పారలేదు.

ఇంటికొచ్చాక అక్క పైట సర్దుకుంటుంటే కరుణ చూసింది. పైట చాటున దాచుకున్న ఎడమ చెయ్యి భుజం నుంచి వేళ్ళ దాకా వాచి ఉంది. జాకెట్టు పట్టక ఆ వైపు కుట్లు విప్పేసుకుంది.

"ఇది డాక్టరుకి చూపించలేదేంటక్కా?"

"ప్రాణం నిలబెట్టిన మనిషిని చెయ్యి కూడా బాగుచెయ్యమని అడగటానికి నోరు రాలేదే. బిందె ఎత్తలేకపోతున్నా. అంటుకుంటుందని ఊళ్ళో నా దగ్గర కూర్చునేవాళ్ళు కూడా లేరు."

మర్నాడు కరుణ పని మానేసి అక్కను మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి చెయ్యి ఇలా వాస్తుందని, ఇది అంటుకునేది కాదని చెప్పి, చెయ్యి ఎలా నిమరాలో, పట్టీ ఎంత బిగువుగా చుట్టాలో నర్సు ఓపిగ్గా నేర్పింది.

వాపు సగమే తగ్గింది. ఊరికి తిరిగి వెళ్ళాక కూడా బరువులు ఎత్తడం ఇక కుదరలేదు. అయినా పక్క ఊళ్ళో ఒకామెకు అదే ఆపరేషనయిందని తెలిసిన రోజున ఇన్నాసమ్మ పట్టీలు సంచిలో వేసుకుని బస్సెక్కింది.

"నీకు ఇంకా ఏం బాధగా ఉందో చెప్పమ్మా" అని ఆమె పక్కన కూర్చుంది. చెప్పడానికి ఆమెకు సాయంత్రం దాకా పట్టింది.